గిన్నెల కింద రెండు పండ్లు

మొన్న మా అమ్మాయి ఈ భివండి నిజాంపురా బజారులో తోపుడుబండి మీద స్ట్రాబెర్రీలు కొనుక్కొచ్చింది. ప్లాస్టిక్ డబ్బా మూత తీయగానే వాసన వంటిల్లంతా వచ్చేసింది. తీపి వాసనే. కానీ తడిగుడ్డను మడతపెట్టి మరిచిపోతే వచ్చే ముక్కిన వాసన దాని అడుగున సన్నగా ఉంది. కళ్లజోడు కూడా పెట్టుకోకుండా ఒక పండు తీసి నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ అని ఊదాను. దాని మీదున్న బూడిదరంగు నూగు పోలేదు. ఆ పండును, దానికి ఆనుకున్న ఇంకో పండును తీసి పక్కన పెట్టి, మిగతావి పళ్లెంలో ఎడంగా పరిచాను. "గరం ఉన్నయా ఏంది మమ్మీ, ఊదుతున్నవ్?" అని నవ్వింది మా అమ్మాయి. దానికి కనకత్త గురించి చెప్పాలని కూర్చున్నాను. మొదలుపెట్టానో లేదో దాని ఫోను మోగింది. చెప్పాలనుకున్న మాట అలాగే మిగిలిపోయింది కనుక ఇక్కడ రాస్తున్నాను.

కనకత్త మాకు చుట్టం కాదు. పక్కింటామె. మా ఆయన చిన్నప్పటినుంచి ఆమెను చిన్నమ్మ అని పిలిచేవారు, ఆ వరసన నాకు అత్త అయింది. వాళ్లదీ మా లాగే సిరిసిల్ల దిక్కు. భర్త పోయాక, అందరూ సాంచాలు అమ్మేసి ఊరికి వెళ్లిపొమ్మని చెబితే, కొంగు నడుముకు చుట్టుకుని తానే షెడ్డులో నిలబడింది. భివండిలో కరెంటు మగ్గాన్ని ఎవరూ మగ్గం అనరు, సాంచా అంటారు. ఆడమనిషి సాంచాలు నడపడం ఆ గల్లీలో అప్పటికి కొత్త. పనివాళ్లు సేఠానీ అని పిలిచేవారు. ఆమె పొద్దున్నే డాబా గచ్చి మీదికొచ్చి పళ్లకు మిశ్రీ, అంటే కాల్చిన పొగాకు పొడి, రాసుకుంటూ గల్లీలో పోయేవాళ్లందరినీ పేరుపెట్టి పలకరించేది. గుడికి వెళ్లడం నేను పెద్దగా చూడలేదు. నవ్వితే మాత్రం సాంచాల చప్పుడు దాటుకుని మా వంటింట్లోకి వినిపించేది.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా ఊళ్లో నాన్నే మగ్గం పక్కన పీట వేసి కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించాడు, పద్యాలు చదివించాడు. ఆయన పెట్టిన ఆ భిక్ష వల్లే ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. పద్దెనిమిది నిండాక పెళ్లై భివండి వచ్చాను. తొంభైల నడిమి సంవత్సరాలు అవి. కింద మా మామయ్య సాంచాల షెడ్డు, పైన మేముండే రెండు గదులు, ఆ పైన గచ్చి. మా గచ్చికీ కనకత్త గచ్చికీ మధ్య మోకాలెత్తు గోడ ఒకటే. ఆ ఊళ్లో నూగు లేని వస్తువు ఉండదు. సాంచాల నుంచి లేచే దూది నూగు మెట్ల మీద, పెరుగు మీద, దేవుడి పటాల మీద, పడుకుని లేస్తే కనురెప్పల మీద ఉంటుంది. కొత్తలో నాకు అది చలికాలపు మంచులా అనిపించి ముచ్చటపడ్డాను. తరువాత అందరిలాగే నేనూ దాన్ని చూడడం మానేశాను.

మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. కొత్త బీము, అంటే పడుగు దారమంతా చుట్టిన పెద్ద కండె, సాంచా మీదికి ఎక్కించేటప్పుడు ఇంటి కోడలు వచ్చి దానికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టాలి. ఊదుబత్తి వెలిగించి దండం పెట్టాక సాంచా నడుపుతారు. ఆ బీము మీదనే కదా ఇంటిల్లిపాదీ తినేది. నేను వచ్చిన కొత్తలో మా అత్తమ్మ నన్ను మెట్ల మీదినుంచే పిలిచేది, "సుజాతా, కుంకుమ తేవే!" అని. పనివాళ్లందరూ పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. ఆ కొద్దిసేపు నాకు గుళ్లో నిలబడ్డట్టుండేది.

మొదటి ఎండాకాలంలోనే కుండీలో తులసి ఎండిపోయింది. ఆ రోజుల్లోనే నేను బొట్టు పెట్టిన ఒక బీము మీద దారాలు తెగడం మొదలై ఎంతకీ ఆగలేదు. నేను కలిపిన మామిడికాయ తొక్కు బూజు పట్టింది. మూడూ దేనికది జరిగినవి. మా అత్తమ్మ మూడింటినీ ఒక దారానికి గుచ్చింది. ఆమె అరిచే మనిషి కాదు. ఆ తరువాత బీము వచ్చిన రోజు నేను కుంకుమభరిణె పట్టుకుని మెట్లు దిగుతుంటే, "నువ్వుండు బిడ్డా, పద్మను పిలిపించిన. అది పెడుతది," అన్నది. పద్మ మా తోటికోడలు, వెనక గల్లీలో ఉండేది. బిడ్డా అని పిలిచింది కాబట్టి నాకు ఏడవడానికి కూడా వీలు లేకపోయింది. నా చెయ్యి మంచిది కాదన్న మాట అలా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మా అత్తమ్మను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. సాంచా ఆగితే పొయ్యి ఆగుతుందన్న భయంలో పెరిగిన మనిషి ఆమె. భయపడే మనిషికి ఏదో ఒకటి చేతికి దొరకాలి, నేను దొరికాను. బాధ ఏమిటంటే ఆ మాటను నేనూ నమ్మాను. సాయంత్రం దేవుని దగ్గర అగ్గిపుల్ల గీసి దాన్ని అత్తమ్మ చేతికి అందించేదాన్ని. వత్తి నేను ముట్టిస్తే ఏమవుతుందో అని. ఆ దేవుణ్ణి చిన్నప్పటినుంచి నా వాడనుకున్నాను. ఆయనకే నా చెయ్యి నచ్చలేదేమో అనుకుంటూ రోజులు గడపడం ఎలా ఉంటుందో పగవాళ్లకు కూడా తెలియకూడదు.

ఒక మధ్యాహ్నం కూర గిన్నె ఇవ్వడానికి కనకత్త షెడ్డులోకి వెళ్లాను. ఒక సాంచా ఆగి ఉంది. పనిచేసే యాదగిరి తలవంచుకుని నిలబడ్డాడు. నేసిన గుడ్డ పొడుగునా ఒక గీత పడింది. "నేను ఏం చెయ్యలేదు సేఠానీ, పొద్దుగాల లేసి ఎవని మొఖం చూసిన్నో ఏమో," అంటున్నాడు. కనకత్త నడుము మీద చెయ్యి పెట్టుకుని, "ఎవడు చేసిండని అడిగిన్నా నేను? ఎప్పటిసంది పడుతున్నది అని అడిగిన. విప్పు గుడ్డ," అన్నది. వాడు చుట్టిన గుడ్డను వెనక్కి విప్పుతూ పోయాడు. గీత సన్నబడుతూ సన్నబడుతూ ఒక చోట లేకుండా పోయింది. ఆమె అక్కడ వేలు పెట్టింది. "ఈడ మంచిగున్నది. ఈడికెల్లి ఖరాబైంది. ఈడ ఏమైంది, యాద్ చేసుకో."

వాడు తల గోక్కున్నాడు. "కరెంటు పోయింది. అచ్చినంక నాడె మార్చిన."

ఆమె ఆ నాడెను, పేక దారాన్ని అటూ ఇటూ మోసే చెక్కను, తీసుకుని బొటనవేలితో అంచంతా తడిమింది. ఒక చోట చెక్క లేచి ఉంది. "గిదిగో నువ్వు పొద్దుగాల చూసిన మొఖం," అని దాన్ని వాడి ముక్కు ముందు పెట్టింది. యాదగిరి నవ్వాడు. కూర గిన్నె చేతిలో పట్టుకుని నిలబడ్డ నాకు మాత్రం ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. తప్పు జరిగితే మనిషి ముఖం వైపు కాకుండా గుడ్డ వైపు చూసే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

ఆ ఏడు దీపావళి వెళ్లాక ఆమె అల్లుడు టెంపోలో సాతారా దిక్కు గుడ్డ వేసి వస్తూ, తడిగోనెలో చుట్టిన స్ట్రాబెర్రీ పిలకలు తెచ్చాడు. మహాబలేశ్వరం వైపు చలికొండల్లో పండే పండు ఈ ఉక్కపోత ఊళ్లో ఎక్కడ పండుతుందని గల్లీ అంతా నవ్వింది. "చలికాలం గింత చలి పెడ్తలేదా మనకు? ఎందుకు రాదో నేనూ చూస్త," అని ఆమె పంతం పట్టింది. గోడ దాటి వచ్చి సగం పిలకలు నా ముందు పెట్టింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"వద్దత్తా. నా చెయ్యి మంచిది కాదు."

"ఏదీ, చూపియ్యి. ఏమైంది, కాలిందా?"

"కాలేదు. నేను పెడితే బతకవు. తులసి గూడ..."

ఆమె నా చెయ్యి లాగి అటూ ఇటూ తిప్పి చూసింది. "అయిదు వేళ్లున్నయి. మట్టి పట్టనీకి ఇవి చాలు. పెట్టు. సచ్చిపోతే ఎందుకు సచ్చినయో ఇద్దరం కలిసి చూద్దాం," అన్నది. బతుకుతాయని ధైర్యం చెప్పి ఉంటే నేను ముట్టుకునేదాన్ని కాదు. చచ్చిపోతే చూద్దాం అన్నది చూడండి, అందుకు ముట్టుకున్నాను.

పాత నూనెడబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి, మట్టి, బర్రెల తబేలా పెంట కలిపి నింపి నాటాను. పది రోజులు తిరగకుండానే చాలా మొక్కలు వాలిపోయాయి. మా అత్తమ్మ గచ్చి మీద మిరపకాయలు ఆరబోస్తూ వాటిని చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే అన్నట్టు. కనకత్త వచ్చి వాలిన మొక్కనొకదాన్ని పెకిలించింది. వేళ్లు తెల్లగా ఉన్నాయి, నడుమ చిగురు వచ్చే చోటు నల్లగా కుళ్లింది. "ఎట్ల పెట్టినవో మళ్ల పెట్టి చూపియ్యి," అన్నది. మా ఊళ్లో బంతి నారు పెట్టినట్టే మట్టి మీదికి లాగి, చిగురు దాకా కప్పి, మమకారంగా అదిమి చూపించాను. "ఓసి పిచ్చిదానా! గిది ఆడికెల్లే ఊపిరి తీసుకుంటది. నీ ముక్కు దాకా బొంత కప్పి నేను మీద కూసుంటే నువ్వు బతుకుతవా?" మిగిలిన మొక్కల చుట్టూ మట్టిని ఇద్దరం వేళ్లతో కిందికి తీశాం. చిగురు బయటపడింది. అవి నిలబడ్డాయి. నిలబడ్డాయని తెలిసిన రోజు పొద్దున నేను ఎవరికీ చెప్పకుండా కొత్త ఆకును ముట్టుకుని కళ్లకద్దుకున్నాను.

ఆమెకు మాత్రం అన్నీ తెలుసా అంటే, లేదు. తెల్లపూలు వచ్చాక పిట్టలు పొడుస్తాయని తన షెడ్డులోని మల్‌మల్ గుడ్డ తెచ్చి డబ్బాలన్నిటి మీద పందిరిలా కప్పింది తానే. కొన్నాళ్లకు కాయలు దిగాయి. ఒక్కటీ సరిగ్గా లేదు. ఒకటి గుండీలా గట్టిగా, ఒకటి పక్కకు వంకరపోయి, ఒకటి పిడికిలి బిగించినట్టు. ఆమె వాటిని ముందేసుకుని చాలాసేపు చూసింది. ఒక్క డబ్బా మీద గాలికి గుడ్డ తొలగి ఉంది, దాంట్లో మాత్రం కాయ నున్నగా ఉంది. "పిట్ట రావద్దని కట్టిన. తేనెటీగ గూడ రాలే," అని నుదురు కొట్టుకుంది. "సుజాతా, ఇది ఎవరి చెయ్యే?" అని అడిగింది. "నీదే అత్తా," అన్నాను భయపడుతూ. "బరాబర్. నా చెయ్యే. ఎవరికన్న చెప్పినవంటే చూడు," అని గోడ మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. తప్పు చేసి అంత హాయిగా నవ్వే పెద్దమనిషిని కూడా అదే మొదటిసారి చూడడం. గుడ్డ తీసేశాం. పొద్దున పూట తేనెటీగలను వదిలి, ఎండెక్కాక పిట్టలు రాకుండా గుడ్డ కప్పడం నేర్చుకున్నాం.

సంక్రాంతి దాటాక పండ్లు ఎర్రబడ్డాయి. అంత ఎరుపు ఆ గచ్చి మీద మిరపకాయలకు తప్ప దేనికీ చూడలేదు. మొదటి పండు శుక్రవారం దేవుని ముందు పెట్టాలని, పెడితే ఆయన తీసుకున్నట్టేనని, ఆ తరువాత నా చేతిని నేను నమ్మొచ్చని మనసులో అనుకున్నాను. అందుకే వాటిని పసిపిల్లల్లా చూశాను. మట్టి అంటకుండా ఒక్కో పండు కింద షెడ్డులోంచి తెచ్చిన దూది పీచు మెత్తగా పరిచాను. ఆ ఊళ్లో ఊరికే దొరికేది అదే. పొద్దున్నే, సాయంత్రమూ పై నుంచి నీళ్లు చల్లాను. పండ్ల మీద బూడిదరంగు నూగు పడుతుంటే, మళ్లీ సాంచాల నూగే కదా అని, తడిగుడ్డతో ఒక్కో పండునూ తుడిచేదాన్ని. మరునాటికి మళ్లీ పడేది. మళ్లీ తుడిచేదాన్ని. మా ఆయన చూశారు, మామయ్య చూశారు, ఎవరికీ ఏమీ అనిపించలేదు. భివండిలో నూగును చూసి ఎవరు అనుమానపడతారు? తుడిచిన పండ్లు మెత్తబడి చేతిలోనే చితికిపోసాగాయి. ముందు ఒక డబ్బా, తరువాత పక్క డబ్బా. శుక్రవారం వచ్చేసరికి దేవునికి పెట్టదగ్గ పండు ఒక్కటీ లేదు.

ఆ పొద్దున గచ్చి మీద నేను తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నాను. మా అత్తమ్మ వడియాల గుడ్డ పరుస్తూ ఇక ఆగలేకపోయింది. "ఎందుకు బిడ్డా కష్టపడుతవు? కొందరి చేతుల్ల ఉంటది, కొందరి చేతుల్ల ఉండది. దేవుడు ఇచ్చింది మనమేం జేస్తం," అన్నది. కోపం లేదు ఆ గొంతులో. జాలి ఉంది. అది మరీ భరించలేకపోయాను.

గోడ అవతల మిశ్రీ రాసుకుంటున్న కనకత్త నోరు పుక్కిలించి ఇటు దాటి వచ్చింది. నా చేతిలోంచి పండు తీసుకుంది. ముందు పక్కనున్న ఆకు మీద ఊదింది. ఆకు మీది నూగు లేచి గాలిలో పోయింది. తరువాత పండు మీద ఊదింది. సన్నటి పొగ లాంటిది లేచింది కానీ నూగు మాత్రం పండును పట్టుకునే ఉంది. ఆమె పండును వెలుతురుకు తిప్పి చూసింది.

"దూదైతే ఊదితే పోవాలె. గిది పోతలేదు."

"మన నూగే గదనే కనకవ్వా, కొత్తగ చూస్తున్నవా," అన్నది అత్తమ్మ.

"అయితే ఒక పని చెయ్యి లచ్చక్కా. నీ చెయ్యి బంగారం గదా. మంచిగ కనవడేది ఒక పండు నువ్వు తెంపు. ఒకటి ఈ పిల్ల తెంపుతది. తుడవకుండ్రి, కడగకుండ్రి."

"నేనెందుకు?"

"నువ్వే ఎందుకంటే గల్లీల నీ చేతి తొక్కే గదా అందరు తినేది. తెంపు."

ఆ పొగడ్త పనిచేసింది. అత్తమ్మ ఒంగి, వెతికి వెతికి మచ్చలేని ఎర్రటి పండు తెంపింది. నేనూ ఒకటి తెంపాను. కనకత్త రెండు పళ్లేల్లో రెండూ పెట్టి, రెండు స్టీలు గిన్నెలు బోర్లించి, పైన ఇటుక ముక్కలు పెట్టింది. "ఇగ దీని లోపలికి నీ సాంచా నూగు ఎట్ల పోతదో నేను చూస్త," అన్నది. వాటిని మా గచ్చి మీది నీళ్ల టాంకీ నీడలో పెట్టించింది. ఎవరూ ముట్టొద్దని ఒట్టు వేయించుకుంది.

ఆ రోజూ మరునాడూ నేను మెట్లెక్కలేదు. కింద వంట చేస్తూనే ఉన్నాను, మనసు గిన్నెల కింద ఉంది. అత్తమ్మ పండు శుభ్రంగా ఉండి, నాది మాత్రం చెడితే ఇక ఆ మాటకు తిరుగుండదు. నా జీవితమంతా ఆ మాట కిందనే గడుస్తుంది. దేవుణ్ణి ఏమని వేడుకోవాలో కూడా తెలియలేదు. ఎదుటి పండు చెడిపోవాలని కోరడం కూడా పాపమేనేమో అనిపించింది. "నాకు నిజం తెలిసేటట్టు చెయ్యి తండ్రీ," అని మాత్రం అనుకున్నాను. అంతకుముందు అలాంటి కోరిక ఆయన్ను ఎప్పుడూ కోరలేదు.

ఆ మరునాటి పొద్దున కనకత్త గోడ మీది నుంచి కేక వేసి అందరినీ పిలిచింది. మా ఆయన కూడా బనీనుతోనే వచ్చారు. ఆమె రెండు గిన్నెలూ ఒకేసారి ఎత్తింది.

రెండు పండ్లూ బూడిదరంగు నూగుతో నిండిపోయి ఉన్నాయి. ఎలుకపిల్లల ఒళ్లులా మెత్తగా, ఒత్తుగా.

"ఇగ చెప్పుండ్రి. ఏది ఎవరి చెయ్యి?" అన్నది కనకత్త.

అత్తమ్మ వంగి చూసింది. ఒక పళ్లెం వైపు వేలు చూపబోయి ఆగిపోయింది. రెండో పళ్లెం వైపు చూసింది. ఏ గిన్నె కింద ఎవరి పండు పెట్టామో ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. కింద సాంచాలు కొట్టుకుంటున్నాయి.

"బూజు," అన్నది చివరికి అత్తమ్మ, తనలో తాను అనుకున్నట్టు. "తొక్కుకు పట్టినట్టే పట్టింది."

"ఆఁ. పండులకెల్లే పుడుతున్నది, మీదికెల్లి పడుతలేదు. మరి ఏ డబ్బాల లేదు? గది చూద్దాం రాండ్రి."

డబ్బా డబ్బా వెతికాం. మూల మీద, గాలి బాగా తగిలే చోట ఉన్న ఒక్క డబ్బాలో ఆకుల చాటున శుభ్రమైన పండు ఉంది. దాని కింద దూది పీచు లేదు. నేను పరుస్తూ వస్తుంటే అక్కడికి అయిపోయింది. మిగతా డబ్బాల్లో పీచు ఎత్తి చూస్తే పిండితే నీళ్లు కారేటట్టు తడిసి ఉంది. దారానికి పెట్టే గంజి ఆ పీచుకూ ఉంటుంది కదా, అది పులిసి వాసన కొట్టింది. సాయంత్రం చల్లిన నీళ్లు రాత్రంతా అందులో నిలబడ్డాయి. పైగా ఒకే గుడ్డతో చెడ్డ పండునూ మంచి పండునూ తుడిచి బూజును ఇంటింటికీ పంచినట్టు పంచాను. ఒక్కొక్కటీ చెబుతూ కనకత్త నా వైపు చూడలేదు. డబ్బాల వైపే చూసింది. నేను మాత్రం టాంకీకి ఆనుకుని నిలబడ్డాను. దుఃఖం కాదు అది. నెత్తి మీది బరువు దించుకున్నాక మెడ కొంచెంసేపు వణుకుతుంది చూడండి, అలాంటిది.

పీచంతా తీసి పారేశాం. తబేలా నుంచి ఎండుగడ్డి తెచ్చి పండ్ల కింద వేశాం. బూజు పట్టినవాటిని తెంపి దూరంగా పడేశాం. డబ్బాలను ఎడంగా జరిపి, పొద్దున పూట మాత్రమే, వేళ్ల దగ్గర మాత్రమే నీళ్లు పోశాం. ఎండుగడ్డి తెచ్చింది మా అత్తమ్మ. ఎవరూ అడగలేదు, తానే వెళ్లి నెత్తి మీద పెట్టుకుని వచ్చింది. తరువాతి శుక్రవారానికి నాలుగు మంచి పండ్లు వచ్చాయి. దేవుని ముందు పెట్టాక ప్రసాదంగా ముక్కలు కోసి ఇచ్చాను. కనకత్త నోట్లో వేసుకుని ముఖం చిట్లించింది. "ఛీ, పులుపు! గింత పులుపు కోసమా మనం గిన్ని దినాలు సచ్చింది?" అన్నది. అత్తమ్మ ముక్క మింగలేక మింగుతూ, "చక్కెర అద్దుకోవాలె కావచ్చు," అన్నది. ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

అసలు సంగతి ఆ తరువాత జరిగింది. హోలీ ముందు కొత్త బీము వచ్చింది. నేను పైన బియ్యం ఏరుతున్నాను. "సుజాతా, కుంకుమ తేవే!" అని మెట్ల మీది నుంచి పిలుపు. ఒక క్షణం నమ్మలేదు. వెళ్లాను, పసుపు రాశాను, బొట్టు పెట్టాను. సాంచా నడిచింది. ఆ మధ్యాహ్నానికే దారాలు తెగడం మొదలైంది. ఆ చప్పుడు ఆగడం, మళ్లీ మొదలవడం, మళ్లీ ఆగడం పైనుంచి విన్నాను. మెట్లు దిగి తలుపు దగ్గర నిలబడ్డాను, రావలసిన మాట కోసం. మా అత్తమ్మ సాంచా ముందు వంగి, తెగిన దారాన్ని రెండు వేళ్ల మధ్య రాపాడిస్తోంది. నన్ను చూడలేదు. మామయ్యను అడిగింది, "ఎప్పటిసంది తెగుతున్నది?"

"నడి పగటికెల్లి."

"చూడు, దారం గడ్డి తీర్గున్నది. గంజి ఎక్కువ వెట్టిండ్రు. సైజింగోళ్లను పిలువు, ఈ బీము నాకు నకో, ఒద్దు అని చెప్పు." అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూసింది. "గట్ల నిలవడ్డవేంది? చాయ పెట్టు, మీ మామయ్య మెదడు ఖరాబైతున్నది."

నేను చాయ పెట్టాను. నా జీవితంలో అంత కృతజ్ఞతతో ఎవరికీ చాయ పెట్టలేదు. ఆ సాయంత్రం అగ్గిపుల్ల గీసి వత్తి నేనే వెలిగించాను. అత్తమ్మ పక్కన కూర్చుని దండం పెట్టుకుంది. నా చేతి వల్ల బీము బాగా నడిచి ఉంటే, మరో బీము దాకా మాత్రమే నాకు నిశ్చింత ఉండేది. అది తెగింది. తెగినా నా చేతి వైపు ఎవరూ చూడలేదు. దేవుడు నాకు ఇవ్వదలుచుకున్న వరం అదే అనుకుంటాను.

కనకత్తను ఒకసారి అడిగాను, "నీకు దేవుని మీద నమ్మకం లేదా అత్తా? గుడికి రావు." ఆమె బీముకు దారాలు అతికిస్తూ తలెత్తకుండానే, "ఎందుకు లేదు? ఉన్నది గాబట్టే ఆయన మీదికి నా తప్పులు నూకను. ఆయనకు వేరే పని లేదా?" అన్నది. రోజూ పద్యాలు చదివే నాకు ఆ మాట తట్టలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. సాంచాలు అల్లుడు అమ్మేశాడు. స్ట్రాబెర్రీలు ఆ రెండు మూడు చలికాలాలతోనే ఆపేశాం. ఎండాకాలం మొక్కలను కాపాడడం మా వల్ల కాలేదు, అదెందుకో కారణం వెతకాల్సిన పని లేకుండానే మా అందరికీ చెమటలు పట్టేవి.

ఇవాళ, ఒకప్పుడు మా షెడ్డు ఉన్న కింది ఇంట్లోకి కొత్తగా వచ్చిన కోడలుపిల్ల మా తలుపు దగ్గర నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. జగిత్యాల దిక్కు పిల్ల. లోపలికి పిలిస్తే గడప దాటడానికి జంకింది. తోడు వేసిన పాలు తోడుకోవడం లేదట, రోజూ విరిగిపోతున్నాయట. "నా చేతులనే ఏదో ఉన్నది పెద్దమ్మా. మా అత్తమ్మ గూడ గట్లనే అంటున్నది," అన్నది. ఆ పిల్లను మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. నీ చెయ్యి మంచిదే అని చెప్పలేదు.

"ఎప్పటిసంది బిడ్డా?" అని అడిగాను.

ఆమె ఏడుపు ఆపి ఆలోచించింది. వచ్చిన కొత్తలో బాగానే తోడుకునేదట. మధ్యలో ఎప్పుడో మొదలైందట. గిన్నె మార్చారేమో, పాలవాడు మారాడేమో, అప్పుడు ఏం జరిగిందో గుర్తుచేసుకోమన్నాను. ఇంకా దొరకలేదు. రేపు పొద్దున ఆమె పాలు, ఆమె గిన్నె, నా తోడుతో వాళ్లింట్లోనే తోడువేసి చూద్దామనుకున్నాం. కారణం దొరకకపోయినా ఆ పిల్ల నీళ్ల గ్లాసు కింద పెట్టి, అంతసేపూ ఒడిలో దాచుకున్న చేతులు బయటికి తీసి, జారిన జడ ముడి వేసుకుంది.